నగరపాలక ఇండోర్ స్టేడియంలు: ఉద్దానం తీరానికి తగిన కప్పు ఏది?

శ్రీకాకుళం: ఆటల పోటీలకు, నాటక ప్రదర్శనలకు, సభలకు, వస్తు ప్రదర్శనలకు ఒకే కప్పు కింద చోటు కల్పించే బహుళ ప్రయోజన ఇండోర్ స్టేడియంలు రాష్ట్రంలోని పెద్ద నగరాల ప్రజలకు సుపరిచితమే. వీటిలో కొన్ని నగరపాలక సంస్థల సొంత ఆస్తులు. ఈ స్థాయి నిర్మాణం జిల్లాలోని పలాస, టెక్కలి పట్టణాలలో గాని, ఉద్దానం తీర మండలాలలో గాని ఇంతవరకు లేదు. ఇక్కడ అటువంటిది తలపెట్టేటప్పుడు విశాఖపట్నంలోనో విజయవాడలోనో ఉన్న నమూనాను యథాతథంగా తెచ్చి నిలబెడితే సరిపోదు. ఇది తుఫానుల తీరం. ఆ భవనం ఆపద రోజున ప్రజలకు ఆశ్రయం ఇవ్వవలసినదా, కాదా అన్నది పునాది తీయకముందే, నమూనా గీసే దశలోనే తేలవలసిన విషయం. ఈ అంశంపై పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం సంబంధిత సమాచారాన్ని దిగువ పొందుపరచడమైనది.

యజమాని ఎవరు?

వార్తలలో ఇండోర్ స్టేడియంలన్నింటినీ "ప్రభుత్వ స్టేడియం" అని ఒకే గాటన కట్టివేయడం కనిపిస్తుంది. వాస్తవానికి వీటి యాజమాన్యం మూడు నాలుగు తీరులుగా ఉన్నది. విశాఖపట్నం అక్కయ్యపాలెంలోని స్వర్ణభారతి ఇండోర్ స్టేడియం మహా విశాఖ నగరపాలక సంస్థది. అదే నగరంలో ఉన్న రాజీవ్ గాంధీ పోర్టు ఇండోర్ స్టేడియం ఓడరేవు యాజమాన్యానిది. ప్రొ కబడ్డీ పోటీలు 2014లో తొలిసారి జరిగినప్పుడు తెలుగు టైటాన్స్ జట్టు సొంత గడ్డపై ఆడిన మ్యాచ్‌లకు ఈ పోర్టు స్టేడియమే వేదిక. 2025 ఆగస్టు 29న ఆ పోటీల పన్నెండవ సీజన్ ప్రారంభమైనది కూడా విశాఖపట్నంలోనే. హైదరాబాద్ గచ్చిబౌలిలోని ఇండోర్ స్టేడియం 2002 జాతీయ క్రీడల సందర్భంగా నిర్మితమై రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ ఆధీనంలో కొనసాగింది. 2014లో రాష్ట్ర విభజన అనంతరం అది తెలంగాణ క్రీడా ప్రాధికార సంస్థ పరిధిలోకి వెళ్లింది. 2009 ఆగస్టులో ప్రపంచ బాడ్మింటన్ చాంపియన్‌షిప్ పోటీలు అక్కడే జరిగాయి.

విజయవాడలో నగరపాలక సంస్థ ఆధీనంలోని ఇండోర్ స్టేడియానికి దండమూడి రాజగోపాలరావు పేరు పెట్టారు. ఆయన బరువులెత్తే క్రీడలో దేశానికి ప్రాతినిధ్యం వహించిన మల్లుడు. 1963లో విడుదలైన నర్తనశాల చిత్రంలో భీముని పాత్ర ధరించి చలనచిత్ర ప్రేక్షకులకూ చిరపరిచితులైనారు. క్రీడకు, వినోదానికి కలిపి కట్టిన భవనానికి ఆ రెండు రంగాలలోనూ పేరున్న వ్యక్తి పేరు కుదరడం ముచ్చటైన విషయం.

యాజమాన్యం తేడా కేవలం సాంకేతికమైనది కాదు. ఓడరేవు స్టేడియం అద్దెను ఓడరేవు యాజమాన్యం నిర్ణయిస్తుంది. క్రీడా ప్రాధికార సంస్థ భవనంలో శిక్షణ శిబిరాలకు తొలి ప్రాధాన్యం ఉంటుంది. నగరపాలక సంస్థ భవనానికి అద్దె, వేళలు, ఏయే కార్యక్రమాలను అనుమతించవచ్చు అన్నవి పాలకమండలి తీర్మానం ద్వారా, పాలకమండలి లేని కాలంలో ప్రత్యేకాధికారి ఉత్తర్వు ద్వారా ఖరారవుతాయి. అంటే ఆ పట్టణపు పన్ను చెల్లింపుదారుడు తన వార్డు సభ్యుని ద్వారా నిలదీసి అడగగలిగిన ఆస్తి ఇది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన పన్నెండవ షెడ్యూలు ఉద్యానవనాలు, ఆటస్థలాల వంటి పట్టణ సౌకర్యాలను, సాంస్కృతిక కార్యక్రమాల ప్రోత్సాహాన్ని పురపాలక సంస్థలకు అప్పగించదగిన విధులలో పేర్కొన్నది.

కప్పు ఎందుకు అవసరం?

కబడ్డీ, వాలీబాల్ పచ్చిక మీదా, ఇసుక మీదా ఆడుకుంటున్న ప్రాంతానికి ఇండోర్ స్టేడియం దేనికన్న ప్రశ్న సహజమే. దీనికి సమాధానం బాడ్మింటన్ షటిల్ బరువులో దొరుకుతుంది. నిబంధనల ప్రకారం ఈక షటిల్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు మాత్రమే. సముద్రం మీది నుంచి మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా వీచే గాలిలో అది కోర్టు గీతలు దాటి కొట్టుకుపోతుంది. తీర గ్రామాలలో ఈ ఆట నేర్చుకునే పిల్లలు తెల్లవారుజామునే ఆడుకోవలసి రావడానికి కారణం అదే. 2023 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి వరకు రాష్ట్రవ్యాప్తంగా జరిగిన "ఆడుదాం ఆంధ్రా" పోటీలలో క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖోలతో పాటు బాడ్మింటన్‌కూ చోటు కల్పించారు. మొదటి నాలుగు ఆటలు ఊరి మైదానంలో జరిగిపోతాయి. అయిదవదానికి గోడలు, కప్పు ఉండి తీరాలి.

బరువులెత్తే క్రీడ కథ మరొకటి. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కిన కరణం మల్లీశ్వరి ఈ జిల్లా ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేట నుంచి వచ్చినవారే. పల్లెటూరి వ్యాయామశాలలోనే ఆమె శిక్షణ ప్రారంభమైంది. ప్రతిభకు పెద్ద భవనం షరతు కాదనడానికి ఇది నిదర్శనం. అయితే ఆ తరువాతి మెట్లన్నీ జిల్లా దాటి బయటనే ఎక్కవలసి వచ్చింది. పలాస నుంచి విశాఖపట్నానికి రైలులో సుమారు మూడు గంటల ప్రయాణం. వారంలో మూడు రోజులు శిక్షణకు అంత దూరం వెళ్లి రావడం పాఠశాల విద్యార్థికి, ముఖ్యంగా బాలికలకు, ఆచరణలో సాధ్యం కాదు.

వినోదం మాటకు వస్తే, ఈ జిల్లాకు కప్పు కింద ప్రదర్శన కొత్త కాదు. వీరఘట్టంలో జన్మించి దేశదేశాలలో బలప్రదర్శనలిచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు సొంతంగా సర్కస్ కంపెనీని నడిపారు. నాడు సర్కస్ డేరాయే ఇండోర్ స్టేడియం. శ్రీకాకుళం పట్టణంలోని స్టేడియానికి ఆయన పేరే ఉన్నది. ఇప్పటికీ తప్పెటగుళ్లు, నాటకాలు, హరికథలు ఆరుబయట వేదికలపై జరుగుతుంటాయి. దసరా, దీపావళి నడుమ వచ్చే వాయుగుండాల కారణంగా వేదికపై పరదాలు తడిసి కార్యక్రమం వాయిదా పడడం ఈ ప్రాంత నిర్వాహకులకు అనుభవైకవేద్యం.

ఎంత చోటు, ఎంత ఎత్తు?

బాడ్మింటన్ కోర్టు పొడవు 13.40 మీటర్లు, వెడల్పు 6.10 మీటర్లు. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. బాస్కెట్‌బాల్‌కు 28 మీటర్లు, 15 మీటర్లు. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు కాగా, మహిళలకు 12 మీటర్లు, 8 మీటర్లు. ఒక బాస్కెట్‌బాల్ కోర్టు చోటులో మూడు బాడ్మింటన్ కోర్టులను పక్కపక్కన అమర్చుకోవచ్చు. అందుచేత నేలపై వేర్వేరు రంగుల గీతలతో అన్ని ఆటలకూ ఒకే హాలును వినియోగించడం ఎక్కడైనా ఉన్న పద్ధతే.

చోటు కన్నా ఎత్తు వద్దనే పొరపాటు జరుగుతుంది. స్థానిక వాలీబాల్, బాస్కెట్‌బాల్ పోటీలకు నేల నుంచి 7 మీటర్ల వరకు ఏ అడ్డూ లేకుండా ఉంటే చాలు. అంతర్జాతీయ స్థాయి వాలీబాల్‌కు 12.5 మీటర్లు, పెద్ద బాడ్మింటన్ పోటీలకు 12 మీటర్లు కావాలి. కల్యాణ మండపం కొలతలతో కట్టిన హాలుకు తరువాత ఇండోర్ స్టేడియం అని పేరు పెట్టినంత మాత్రాన అక్కడ జిల్లా స్థాయి పోటీ జరగదు. కప్పును కట్టిన తరువాత పైకి జరపడం ఎవరి తరమూ కాదు.

కాగా, ఎత్తు పెరిగిన కొద్దీ గాలి తాకిడి పెరుగుతుంది. ఉద్దానం తీరంలో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

తిత్లీ నేర్పిన లెక్క

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలోనే తీరాన్ని దాటింది. వాతావరణ శాఖ లెక్క ప్రకారం గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉధృతిలో 165 కిలోమీటర్లు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి తదితర మండలాలలో కొబ్బరి, జీడి తోటలు పెద్ద ఎత్తున నేలకొరిగాయి. విద్యుత్ స్తంభాలు కూలి రోజుల తరబడి గ్రామాలు చీకటిలో ఉన్నాయి. అంతకు ముందు 2013 అక్టోబరు 12న పైలిన్ తుఫాను గోపాలపురం వద్ద తీరం దాటినప్పుడు ఇచ్ఛాపురం వైపు మండలాలు దెబ్బతిన్నాయి. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. నాడు ఆ నగర విమానాశ్రయపు టెర్మినల్ భవనం కప్పు దెబ్బతిని రాకపోకలు కొన్ని రోజులు నిలిచిపోయాయి. అది 2009లో ప్రారంభమైన కొత్త భవనం. విశాలమైన కప్పు గల ఆధునిక నిర్మాణం సైతం తుఫానుకు అతీతం కాదని ఈ సంఘటన తెలియజేసింది.

స్తంభాలు అడ్డు లేకుండా నలభై, యాభై మీటర్ల మేర పరచిన రేకుల కప్పుపై గాలి రెండు విధాలుగా పనిచేస్తుంది. పైనుంచి ఒరుసుకుపోయే గాలి కప్పును పైకి పీలుస్తుంది. ఏదైనా తలుపో కిటికీయో ఊడిన క్షణాన గాలి లోపలికి చొరబడి అదే కప్పును కింది నుంచి ఎత్తుతుంది. ఈ రెండూ కలిసినప్పుడు ముందుగా లేచేవి అంచులు, మూలలు. ఇటువంటి హాళ్లకు సాధారణంగా అమర్చే ఇనుప చుట్టు షట్టర్లు గాలికి తొందరగా లొంగిపోతాయి. సముద్రపు ఉప్పు గాలికి రేకుల బోల్టులు తుప్పు పట్టి ఉంటే పరిస్థితి చెప్పనక్కరలేదు. ఏటా వర్షాకాలానికి ముందు ఈ బోల్టుల తనిఖీ జరిగిందా లేదా అన్నది ఏ శంకుస్థాపన ఫలకం మీదా కనిపించదు. భవనం ఆయుష్షు మాత్రం దాని మీదనే ఆధారపడి ఉంటుంది.

భవనాలపై గాలి భారాన్ని లెక్కించేందుకు దేశంలో ఐ.ఎస్. 875 మూడవ భాగం ప్రమాణంగా ఉన్నది. దీని ప్రకారం విశాఖపట్నానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. శ్రీకాకుళం తీరం కూడా ఇదే మండలంలోకి వస్తుంది. 2015లో ఈ ప్రమాణాన్ని సవరించినప్పుడు తూర్పు తీరం వెంబడి 60 కిలోమీటర్ల వెడల్పు గల పట్టీకి తుఫాను ప్రాధాన్య గుణకాన్ని చేర్చారు. పలాస, టెక్కలి రెండూ ఈ పట్టీలోనివే. సాధారణ భవనానికి ఈ గుణకం 1.00. పారిశ్రామిక నిర్మాణాలకు 1.15. తుఫాను ఆశ్రయ భవనాలు, ఆసుపత్రులు, పాఠశాలల వంటి తుఫాను అనంతరం అత్యవసరమైన కట్టడాలకు 1.30.

ఈ అంకెల వెనుక పెద్ద తేడా ఉన్నది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగాన్ని 1.30తో హెచ్చిస్తే ఒత్తిడి 1.69 రెట్లవుతుంది. అంటే ఆశ్రయ భవనంగా గుర్తించి కట్టే స్టేడియం కప్పు, దూలాలు, పునాది బోల్టులు సాధారణ స్టేడియం కన్నా సుమారు 69 శాతం అధిక గాలి ఒత్తిడిని తట్టుకునేలా ఉండాలి. ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది. ఖర్చు తగ్గించుకునేందుకు అంచనాలలో దానిని "క్రీడా భవనం" అని మాత్రమే చూపి, తుఫాను హెచ్చరిక వచ్చిన నాడు బస్సులలో జనాన్ని తెచ్చి దించితే, ఆ అధిక ఒత్తిడికి లెక్కించని కప్పు కింద వేలాది మందిని కూర్చోబెట్టినట్లవుతుంది. ఫైలులో ఒక మాట వ్రాయకపోవడం వలన కలిగే తేడా ఇది.

ప్రపంచానుభవమూ ఇదే చెబుతున్నది. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌ను తాకినప్పుడు వేలాది మంది సూపర్‌డోమ్ స్టేడియంలో తలదాచుకున్నారు. గాలికి కప్పు పైపొర లేచిపోయి వాన నీరు లోపలికి కారింది. విద్యుత్తు పోయింది, మరుగుదొడ్లు పనిచేయలేదు. భవనం కూలలేదు గాని, లోపల రోజుల తరబడి గడపడం నరకప్రాయమైంది. ఆశ్రయమంటే కప్పు ఒక్కటే కాదని, నీరు, జనరేటర్, మరుగుదొడ్లు, స్త్రీలకు, బాలింతలకు విడి గదులు కూడా ఉండాలని దీనివలన తెలుస్తున్నది.

రాష్ట్రంలో 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత తీరమంతటా తుఫాను ఆశ్రయ భవనాల నిర్మాణం ఊపందుకుంది. ప్రపంచ బ్యాంకు సహాయంతో అమలైన జాతీయ తుఫాను ముప్పు నివారణ పథకం మొదటి దశలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాలను చేర్చి బహుళ ప్రయోజన ఆశ్రయ భవనాలను నిర్మించారు. స్తంభాలపై ఎత్తుగా కట్టిన ఈ భవనాలు మామూలు రోజులలో ఇతర అవసరాలకు ఉపయోగపడతాయి. ఉప్పెన భయమున్న తీర గ్రామాలకు తగినవి అవే. వాటి స్థానంలో స్టేడియం కట్టాలనడం సరికాదు. ఉప్పెన అలలు చేరనంత లోపలికి ఉన్న పలాస వంటి పట్టణంలో మాత్రం తీర గ్రామాల నుంచి తరలించిన కుటుంబాలను రెండు మూడు రోజులు ఉంచేందుకు, సహాయ సామగ్రిని నిల్వ చేసి పంపిణీ చేసేందుకు విశాలమైన హాలు అక్కరకు వస్తుంది. ఆ పని ఇప్పుడు చాలావరకు పాఠశాలల మీద పడుతున్నది, ఫలితంగా బడులు మూతపడుతున్నాయి.

తాళం చెవి, అద్దె పట్టిక

నిర్మాణం పూర్తయిన తరువాత వచ్చే సమస్య మరో రకమైనది. ఇండోర్ స్టేడియానికి విద్యుత్ బిల్లు, కాపలా, పారిశుద్ధ్యం, మరమ్మతుల ఖర్చు నెలనెలా తప్పదు. క్రీడాకారుల నుంచి వచ్చే రుసుము దానికి చాలదు. అందుచేత ఏ నగరపాలక సంస్థ అయినా ప్రదర్శనలకు, సభలకు, వేడుకలకు అద్దెకిచ్చి లోటు పూడ్చుకోవాలని చూడడం సహజం. పలాస ప్రాంతంలో జీడిపప్పు వ్యాపారానికి సంబంధించిన ప్రదర్శనలకు ఇటువంటి వేదిక ఉపయోగపడగలదు. అయితే అద్దె రోజులు పెరిగిన కొద్దీ ఆట రోజులు తరుగుతాయి. పైగా వేదిక గుంజలు, ఇనుప కుర్చీల కాళ్లు చెక్క నేలను పాడు చేస్తాయి. తీరపు తేమకు చెక్క ఉబ్బి వంగడం సరేసరి. చుట్టి పక్కన పెట్టగలిగే సింథటిక్ మ్యాట్లను వాడి, అద్దె కార్యక్రమాలకు నేలపై రక్షణ పలకలు తప్పనిసరి చేయడం మేలు. వారంలో ఇన్ని గంటలు శిక్షణకేనని తీర్మానంలోనే వ్రాసుకుంటే తరువాత వివాదానికి తావుండదు.

జన సమ్మర్దం విషయమై ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది. 2025 నవంబరు 1న, ఏకాదశి నాడు, కాశీబుగ్గలోని వెంకటేశ్వరస్వామి ఆలయం వద్ద జరిగిన తొక్కిసలాటలో తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ దుఃఖం ఈ ప్రాంతంలో ఇంకా పచ్చిగానే ఉన్నది. జనం గుమికూడే ఏ భవనానికైనా రాకకు, పోకకు వేర్వేరు ద్వారాలు, బయటికి తెరుచుకునే తలుపులు ఉండాలి. సభా భవనాల ద్వారాల వెడల్పు 2 మీటర్లకు తగ్గరాదని జాతీయ భవన నియమావళి నిర్దేశిస్తున్నది. టిక్కెట్ల తనిఖీ పేరిట అన్ని తలుపులకు తాళం వేసి ఒక్కదానినే తెరిచి ఉంచే అలవాటును అనుమతి ఇచ్చే అధికారి ఉపేక్షించరాదు.

ఎవరి పరిధి?

పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘం జనాభా 2011 లెక్కల ప్రకారం 57 వేల పైచిలుకు. పలాస 2022లో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. టెక్కలి అంతకు ముందు నుంచే డివిజన్ కేంద్రం. ఉద్దానంలోని తక్కిన ఊళ్లలో అత్యధికం గ్రామ పంచాయతీలు. పురపాలక సంఘం సొమ్ముతో కట్టిన భవనాన్ని పంచాయతీల పిల్లలు, తుఫాను వేళ పంచాయతీల కుటుంబాలు వాడుకోవలసి ఉంటుంది. కనుక నిర్వహణ వ్యయంలో ఎవరి వంతు ఎంత అన్నది ముందే తేలాలి. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పథకంలో బహుళ ప్రయోజన హాళ్లకు సహాయం పొందే వీలున్నప్పటికీ, అది నిర్మాణానికే. నెలవారీ ఖర్చు స్థానిక సంస్థే భరించాలి.

ఉద్దానంలో ప్రాధాన్యాల ప్రశ్న కూడా తేలికైనది కాదు. మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి పీడిస్తున్న ప్రాంతం ఇది. శుద్ధి చేసిన నదీ జలాలను గ్రామాలకు అందించే పథకాన్ని, పలాసలో మూత్రపిండాల వ్యాధుల పరిశోధన కేంద్రాన్ని, 200 పడకల ఆసుపత్రిని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. తాగునీరు, వైద్యం తరువాతనే ఆటలని ఎవరైనా అంటే కాదనలేము. ఆ కారణంగానే, ఇక్కడ కట్టే హాలు ఆటలకు మాత్రమే పరిమితమైతే దానిని సమర్థించడం కష్టమవుతుంది. ఆపదలో ఆశ్రయం కూడా ఇవ్వగలిగితే అదనపు ఖర్చుకు అర్థం ఉంటుంది.

తుఫాను హెచ్చరిక వెలువడినప్పుడు భవనాన్ని స్వాధీనపరచుకునే అధికారం గురించి పాత్రికేయులు తరచుగా అడుగుతుంటారు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 65వ సెక్షన్ ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన గల జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు సహాయ కార్యక్రమాల నిమిత్తం ఏ ప్రాంగణాన్నైనా తాత్కాలికంగా స్వాధీనం చేసుకునే అధికారం ఉన్నది. అందుకు చెల్లించవలసిన పరిహారం గురించి 66వ సెక్షన్ చెబుతున్నది. పురపాలక సంఘం సొంత భవనమైతే ఈ ప్రక్రియ అంతా అవసరం పడదు. అద్దె ఒప్పందంలోనే, తుఫాను హెచ్చరిక వెలువడిన వెంటనే బుకింగ్ రద్దయి సొమ్ము వాపసు ఇవ్వబడునని ఒక షరతు చేర్చి, తాళం చెవి ఒకటి తహసీల్దారు కార్యాలయంలో ఉంచితే సరిపోతుంది.